మూడో హారన్ తర్వాత

నైల్స్ ఊళ్లో చలికాలం ఎప్పుడు పోయిందో చెప్పాల్సింది క్యాలెండర్ కాదు, వాల్ట్ యుర్చిక్ నాలుక. మంచు పడ్డన్నాళ్లూ కౌంటీ వాళ్లు రోడ్ల మీద ఉప్పు గుమ్మరిస్తారు. ఆ ఉప్పు కారు అడుగున చేరితే ఇనుము చెదపట్టిన కర్రలా పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని ఆ చుట్టుపక్కల కారుని ముద్దుగా చూసుకునే ప్రతివాడూ దాన్ని చలి మొదలవగానే గ్యారేజీలో పెట్టి, దుప్పటి కప్పి, రెండు గట్టి వానలు పడి రోడ్డు కడిగేదాకా తాళం తియ్యడు. కడిగిందో లేదో తేల్చడానికి ఒకడు రోడ్డు అంచున గొంతుక్కూచుని, తారు మీద వేలు రాసి, నాలుకకి తగిలించుకుని చూడాలి. కొత్తవాళ్లు చూస్తే మతి చెడిందనుకుంటారు. ఊళ్లో మాత్రం ఆ వేలు మాట మీద పాతికమంది కార్లు బయటికొస్తాయి.

ఆ పని మొదట వాల్ట్‌ది కాదు, కర్టిస్ టాలీది. కర్టిస్ లార్డ్స్‌టౌన్ ఫ్యాక్టరీలో షెవీ కంపెనీ కార్లకి తలుపులు బిగించేవాడు. వాల్ట్‌కి ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరకలేదు. రెండుసార్లు అడిగి, రెండుసార్లూ లేదనిపించుకుని, స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్‌గా చేరాడు. ఆ ఉక్రోషంతోనే కావచ్చు, షెవీలు తయారయ్యే ఊరి పక్కన కూచుని పనిగట్టుకుని పోటీ కంపెనీ డాడ్జ్ కారు కొన్నాడు. పసుపుపచ్చని నియాన్, ఎస్ఆర్‌టి-4. చూడ్డానికి టీచరమ్మ బడికి వేసుకెళ్లే కారులా ఉంటుంది. బోనెట్ కింద మాత్రం ఇంజిన్ బలం పెంచే టర్బో ఉంది. పొగగొట్టానికి సైలెన్సర్ పెట్టకుండానే ఫ్యాక్టరీ నుంచి వదిలారు దాన్ని. వాల్ట్ ఇంటికొస్తున్నాడంటే రెండు వీధుల అవతల కుక్కలకి ముందు తెలిసేది.

ఫ్యాక్టరీ యూనియన్ హాల్లో, ఈస్టర్‌కి ముందు మాంసం మానే లెంట్ రోజుల్లో శుక్రవారం శుక్రవారం చేపల వేపుడు పెట్టేవాళ్లు. అక్కడొక పద్ధతి ఉండేది. వేరే కంపెనీ కారేసుకొచ్చినవాడు దాన్ని వెనకాల చెత్త డబ్బాల పక్కన పెట్టుకోవాలి. వాల్ట్ నోరెత్తకుండా అక్కడే పెట్టి, లోపలికెళ్లి చేపా, కుడుముల్లాంటి పియెరోగీలూ తిని వచ్చేసరికి, దాని చుట్టూ ఒక పొడుగాటి మనిషి తిరుగుతున్నాడు. చెత్త పక్కన పెట్టినా సిగ్గులేకుండా ఎలా మెరుస్తోందో చూడమని తనలో తనే అనుకుంటున్నాడు. ఆ మనిషే కర్టిస్. ఆ సాయంత్రం మొదలైన వాదన తర్వాతెప్పుడూ తెగలేదు.

కొన్నాళ్లకి కర్టిస్ తన చేతుల మీదుగా వెళ్లిన కార్లలోంచే ఒకటి కొనుక్కున్నాడు. ఎర్రటి షెవీ కోబాల్ట్, ఎస్ఎస్. దీనికీ టర్బోనే. ఇంజిన్ నియాన్ కంటే చిన్నది, బలం ఎక్కువ. వాల్ట్‌ది రెండువందల ముప్ఫై గుర్రాల బండైతే కర్టిస్‌ది రెండువందల అరవై. కాగితం మీద లెక్క తేలిపోయినట్టే. కాని వాల్ట్ కాగితాన్ని నమ్మే రకం కాదు, కర్టిస్ తేల్చే రకం కాదు.

అందుకని ప్రతి వసంతంలో ఉప్పు పోయిందని తేలిన మొదటి ఆదివారం ఇద్దరూ కార్లు తీసుకుని ఫ్యాక్టరీ వెనక రోడ్డుకి వెళ్లేవాళ్లు. అది గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఆదివారం పూట లారీలుండవు. పక్కపక్కన ఒకే వేగంలో నడిపి, కర్టిస్ మూడుసార్లు హారన్ కొడతాడు. మూడో దానికి ఇద్దరూ తొక్కాలి. ఎర్ర గోదాము దాటాక ఎవరు ముందున్నారో చూసుకోవాలి. ప్రతి ఏడూ ఒకటే తంతు. వాల్ట్ పక్కకి చూస్తే కర్టిస్ పక్కనే ఉండేవాడు. అద్దంలోంచి పళ్లికిలించేవాడు. ఒక ఏడు ఓ జానెడు ముందు, ఒక ఏడు ఓ జానెడు వెనక, అంతే. తర్వాత లోయిస్ ఐస్‌క్రీం కొట్టు ముందు నిలబడి, ఐస్‌క్రీం కారి మోచేతుల దాకా వచ్చేదాకా వాదించుకునేవాళ్లు. లోయిస్ ఇద్దరినీ ముసలి కోడిపుంజులని పిలిచేది.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఉద్యోగం కావాలంటే టెన్నెసీ వెళ్లమన్నారు. కర్టిస్ వెళ్లాడు. ఉప్పు రుచి చూసే పని వాల్ట్‌కి వచ్చింది. అక్కడ అద్దె ఇంటికి గ్యారేజీ లేదు. కోబాల్ట్‌ని తెచ్చి వాల్ట్ గ్యారేజీలో ఎడమవైపు పెట్టి, తాళాలు చేతిలో పెట్టాడు.

"కారు నీ దగ్గరుంటే నేను రాకుండా ఎక్కడికి పోతాన్రా?" అన్నాడు.

వాల్ట్ ఆ మాటని దాచుకున్నాడు. అతనికి దాచుకోవడానికి వేరే ఏమీ లేదు కూడా. భార్య ఎప్పుడో విడిపోయి పిట్స్‌బర్గ్‌లో వేరే పెళ్లి చేసుకుంది. పిల్లల్లేరు. బస్సుల షెడ్డులో కుర్రకారు వాళ్ల ఫోన్లలో వాళ్లుంటారు. కర్టిస్ మొదటి మూడేళ్లూ మాట తప్పకుండా వసంతంలో వచ్చాడు. తర్వాత ఒక ఏడు మోకాలి నొప్పన్నాడు. ఆ తర్వాత ఏడు కూతురి పురుడన్నాడు. వాల్ట్ మాత్రం శనివారం శనివారం కోబాల్ట్ దుప్పటి తీసి, బ్యాటరీ చూసి, ఇంజిన్ కాసేపు తిప్పి, మళ్లీ కప్పి, టైర్లు ఒకేచోట ఒత్తుకోకుండా మూరెడు ముందుకో వెనక్కో జరిపేవాడు. గ్యారేజీ ఇరుకు. రెండు కార్ల మధ్యా మనిషి పక్కకి తిరిగితేగాని పట్టడు. నియాన్ దిగాలంటే తలుపు బెత్తెడు తెరిచి, పొట్ట లోపలికి పీల్చి, పీతలా పక్కకి జారాలి. ఆ విద్య అతనికి ఒంటబట్టిపోయింది.

ఈ ఏడు మంచు ఇంకా కరగకముందే కర్టిస్ ఫోన్ చేశాడు. కూతురికి కవలలట, ఇల్లు కొనుక్కున్నారట, గ్యారేజీ నిండా ఉయ్యాలలేనట. అటూ ఇటూ తిప్పి అసలు సంగతికొచ్చాడు. కోబాల్ట్‌ని అమ్మేస్తానన్నాడు. టొలీడోలో ఒకావిడ ఇలాంటి చిన్న టర్బో కార్లే ఏరి ఏరి కొంటుందట, పేరు జోయాన్ కెస్లర్, ఆవిడ అడిగిందట.

"నువ్వే చూపించు. దాని సంగతి నాకంటే నీకే బాగా తెలుసు" అన్నాడు.

వాల్ట్ అలాగే అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకునే కూచున్నాడు. మరి తనే కొనేసుకోవచ్చు కదా అనిపిస్తుంది ఎవరికైనా. కొంటే అది వాల్ట్ కారవుతుంది. అతనికి కావలసింది కర్టిస్ కారు. అది ఆ గ్యారేజీలో ఉన్నంతకాలం ఏదో ఒక వసంతంలో కర్టిస్ వస్తాడు, పక్కన కిటికీలోంచి పళ్లికిలిస్తాడు. అది పోయిందంటే ఆ మనిషికి నైల్స్ రావడానికి ఇంక పని లేదు. బతుకులో మిగిలిన ఒకే ఒక్క ఆదివారం పోతుంది. అంత ముద్దుగా పెంచిన తోడు అది.

జోయాన్ ఫోన్ చేసినప్పుడు చాలా మర్యాదగా మాట్లాడింది. ఇండియానాలో తనకి ఒక మంచి నియాన్ దొరుకుతోందనీ, ఈ కోబాల్ట్ అయినా ఆ నియాన్ అయినా ఒకటే కొనగలననీ, రెండూ దగ్గర్నుంచి ఎరిగిన మనిషి కాబట్టి ఆయన మాటే వింటాననీ చెప్పింది. కోబాల్ట్ నచ్చితే ట్రక్కు మీద ఎక్కించనని, తనే నడుపుకుంటూ ఇంటికి తీసుకెళ్తానని కూడా అంది. అందుకే ఉప్పు పోగానే కబురు చెయ్యమంది.

మార్చి చివర ఒక వాన పడింది. ఏప్రిల్‌లో రెండోది పడింది, రాత్రంతా కుండపోత. మర్నాడు ఆదివారం వాల్ట్ వీధి చివర గొంతుక్కూచుని తారు మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. మట్టి రుచి, కాస్త నూనె రుచి. ఉప్పు ఆనవాలు కూడా లేదు. ఎదురింటి డెన్నీ తన పాత మస్టాంగ్ దుప్పటి అంచు పట్టుకుని సిద్ధంగా నిలబడి, ఏమైందని అరిచి అడిగాడు.

"ఇంకా ఉంది" అన్నాడు వాల్ట్.

డెన్నీ దుప్పటి వదిలేశాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. జోయాన్‌కి కూడా అదే చెప్పాడు. తర్వాత వారమూ అదే, ఆ పై వారమూ అదే. ఎండలు కాస్తున్నాయి, గడ్డి రెండు కోతలకొచ్చింది. పాతికమంది మగాళ్లు బంగారంలాంటి ఆదివారాలు ఇంట్లో కూచుని పెళ్లాల సాధింపులు పడుతున్నారు, వాల్ట్ నాలుక మీద గౌరవంతో. ఆ గౌరవం వాల్ట్‌కి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా ప్రతి ఆదివారం వెళ్లి కూచునేవాడు, వేలు రాసేవాడు, మొహం చిట్లించేవాడు.

లోయిస్ ఒక రోజు ఐస్‌క్రీం చేతికిస్తూ, మా పెరట్లో లైలాక్ పూలు విచ్చాయి, నీకు ఉప్పు ఎక్కడ దొరుకుతోంది బాబూ, డాక్టరుకి చూపించుకో అంది. వాల్ట్ ఐస్‌క్రీం పట్టుకుని వచ్చేశాడు.

ఆ తర్వాత ఆదివారం జోయాన్ కెస్లర్ చెప్పాపెట్టకుండా దిగింది. ఎవరో స్నేహితురాలు వదిలిపెట్టి వెళ్లిపోయింది. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, కాళ్లకి పల్చటి అడుగున్న బూట్లు. ఆ బూట్లు చూడగానే వాల్ట్‌కి అర్థమైంది, ఈవిడ కార్లని చూసి మురిసే రకం కాదు, నడిపే రకం. ఆవిడ వాల్ట్‌కి చెయ్యి ఇచ్చి, పలకరించి, గ్యారేజీ వైపు రాకుండా తిన్నగా రోడ్డు అంచుకి నడిచింది. మోకాళ్ల మీద కూచుంది. తారు మీద వేలు రాసి నాలుకకి తగిలించుకుంది. ఒక్క క్షణం అలాగే ఉండి లేచింది.

వాల్ట్ మొహం మాడిపోయింది. టొలీడోలోనూ రోడ్ల మీద ఉప్పు పోస్తారన్న సంగతి అతనికి తట్టనే లేదు.

"ఇవాళే పోయినట్టుంది" అంది ఆవిడ, మోకాళ్లు దులుపుకుంటూ.

ఇంకేం అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వాల్ట్‌కి.

గ్యారేజీ తలుపెత్తి రెండు కార్లూ చూపించాడు. ఉప్పు దారి మూసుకుపోయింది కాబట్టి రెండో దారి పట్టాడు. కోబాల్ట్ లోపలంతా చౌక ప్లాస్టిక్కని, ముట్టుకుంటే డొల్ల శబ్దమని చెప్పాడు. వెనకాల ఆ రెక్క ఎత్తి పెట్టారు గాని అద్దంలో సగం లోకం కనపడదన్నాడు. అదే నియాన్ అయితే పేదదే గాని నిజాయితీ గలదన్నాడు. ముందు అద్దాలు మీట నొక్కితే దిగుతాయి, వెనకవి చేత్తో తిప్పుకోవాలి, ఎందుకంటే ఉన్న డబ్బంతా ఇంజిన్ మీద పెట్టారు, అది చాలదా అన్నాడు. సైలెన్సర్ లేని ఆ గొంతు విన్నాక కోబాల్ట్ ఇస్త్రీ బట్టల గుమాస్తాలా అనిపిస్తుందన్నాడు. చెప్పినవన్నీ నిజాలే. కర్టిస్ మొహం మీద ఇన్నేళ్లూ అన్నవే. అప్పుడు ఎదురు దెబ్బ కొట్టే మనిషి ఉండేవాడు, ఇప్పుడు లేడు. ఎదురు చెప్పేవాడు లేకపోతే ఆ మాటలు వట్టి చాడీల్లా ఉన్నాయని వాల్ట్‌కే తోచింది.

జోయాన్ అంతా విని, రెండు కార్ల అడుగునా పడుకుని చూసి, లేచి చేతులు తుడుచుకుంది.

"మీరిద్దరూ ప్రతి ఏడూ పరిగెత్తించేవాళ్లటగా. ఎవరిది ముందు?"

"ఎవరిదీ కాదు మేడమ్. సమానం."

"సమానమా?" అని ఆవిడ కోబాల్ట్ వంక చూసింది. "ఓసారి చూద్దాం పదండి. మీరు మీది తియ్యండి."

ఫ్యాక్టరీ వెనక రోడ్డు ఖాళీగా ఉంది. ఇప్పుడు ఏ వారమైనా ఖాళీనే. కంచె పొడుగునా గడ్డి మొలిచింది. మూడు హారన్ల పద్ధతి వాల్ట్ ఆవిడకి బయల్దేరేముందే చెప్పాడు. వాల్ట్ నియాన్‌ని కుడివైపు, ఎప్పుడూ ఉండేచోటే ఉంచాడు. ఎర్ర కోబాల్ట్ పక్కకొచ్చి వేగం కలిపింది. కిటికీలో నెరిసిన జుట్టు కనపడింది. వాల్ట్ ఒక్క క్షణం కళ్లు రోడ్డు మీదే పెట్టి, పక్కనున్నది కర్టిసే అనుకున్నాడు. అనుకోవడానికి ఏం పోయింది.

మొదటి హారన్. రెండోది. మూడోది.

వాల్ట్ తొక్కాడు. నియాన్ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ఊళపెట్టింది. గేరు మార్చడానికి ఎప్పటిలాగే యాక్సిలరేటర్ మీంచి కుడికాలు ఎత్తి, క్లచ్ తొక్కి, మార్చి, మళ్లీ కాలు వేశాడు. ఆ రెప్పపాటులో పక్క కారు గొంతు కూడా తగ్గాలి. ఇన్నేళ్లూ తగ్గేది. రెండు ఇంజిన్లూ కలిసి ఊపిరి తీసుకుని, కలిసి అందుకునేవి. ఇవాళ అది తగ్గలేదు. ఒకే గొంతుతో అలా పైకి పోతూనే ఉంది. వాల్ట్ పక్కకి చూశాడు, కిటికీ ముందుకి జరిగిపోయింది. తర్వాతి గేరుకి వెనక చక్రం కనపడింది. ఆ తర్వాత గేరుకి, ఎర్ర గోదాము ఇంకా రాకముందే, కోబాల్ట్ వెనక దీపాలు రెండూ అతని ఎదురుగా ఉన్నాయి, దూరమవుతూ.

వాల్ట్ ఆ దీపాలని గ్యారేజీలో శనివారం శనివారం తుడిచాడు. రోడ్డు మీద వాటిని వెనకనుంచి చూడడం ఇదే మొదటిసారి.

గోదాము దాటాక ఆవిడ ఆపి దిగింది. బుగ్గలు ఎర్రబడి, పదహారేళ్ల పిల్లలా ఉంది.

"కాలెత్తకుండా గేరు మార్చచ్చు దీన్లో. అలా తయారుచేశారు. తొక్కిపెట్టే ఉంచాలి, మిగతాది అదే చూసుకుంటుంది. దీని గొప్పంతా అదే కదా" అంది. "మీ స్నేహితుడు చెప్పలేదా?"

చెప్పాడు. కొన్న కొత్తల్లోనే చెప్పాడు. అదంతా పిల్లకాయల వేషాలురా, గేరుపెట్టె పోతుంది, నేనెప్పుడూ వాడను అన్నాడు. వాల్ట్ నమ్మాడు. ఆ కారు తలుపులు తన చేతులతో బిగించినవాడు, దాని సంగతి ఇంజినీర్ల కంటే ఎక్కువ ఎరిగినవాడు, ప్రతి వసంతంలో మూడో హారన్ తర్వాత ప్రతి గేరుకీ కావాలని కాలెత్తాడు. ఎందుకెత్తాడు? చెత్త డబ్బాల పక్కన కారు పెట్టుకుని నోరెత్తకుండా తిని వెళ్లే మనిషి పక్కన ఉండడానికి. పక్కనుంటేనే వాదన ఉంటుంది, వాదన ఉంటేనే మర్నాడు మళ్లీ ఫోన్ ఉంటుంది. వాల్ట్ నియాన్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆవిడ కంచె వైపు తిరిగి నిలబడింది.

కాసేపయ్యాక జోయాన్ మెల్లగా అడిగింది.

"వాల్ట్, మీ మాట వింటానన్నాను, వింటాను. ఇండియానా వెళ్లనా, దీన్ని తీసుకోనా?"

ఇంకా దారుంది. గేరుపెట్టె ఈమధ్య గరగరమంటోందని ఒక్క మాట అంటే చాలు, ఆవిడ వెళ్లిపోతుంది. కారు ఎడమవైపు దుప్పటి కింద ఉంటుంది. కాని ఇన్నేళ్లు తన కోసం గెలవకుండా ఉన్నవాడి కారుకి వంక పెట్టడానికి వాల్ట్‌కి నోరు రాలేదు.

"ఇదే తీసుకోండి" అన్నాడు. "నాదానికంటే ఇది మంచి కారు. గేరుపెట్టెకి ఏమీ కాలేదు, దాన్నెవరూ కష్టపెట్టలేదు."

మధ్యాహ్నానికి కోబాల్ట్ వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది. సంతకాలూ అవీ ఆవిడా కర్టిస్సూ ఫోన్లో చూసుకున్నారు. వెళ్లేముందు జోయాన్ రెండు హారన్లు కొట్టింది, మూడోది కొట్టలేదు. దుప్పటి చేత్తో పట్టుకుని నిలబడ్డ డెన్నీతో, ఉప్పు పోయిందిరా, వెళ్లు, అన్నాడు వాల్ట్. కాసేపటికి ఊరి నాలుగు మూలలనుంచీ ఇంజిన్లు లేచిన చప్పుడు వినపడింది.

సాయంత్రం లోయిస్ కొట్టు ముందు నియాన్‌లో కూచునుండగా కర్టిస్ ఫోన్ చేశాడు. వెనకనుంచి పసిపిల్లల ఏడుపు వినపడుతోంది. ఆవిడ మంచిదే కదా అని అడిగాడు, మంచిదే అన్నాడు వాల్ట్.

"పరిగెత్తించారా?" అన్నాడు కర్టిస్.

"ఆఁ."

"ఎవరు ముందొచ్చారు?"

"ఎవరూ రాలేదు. సమానం. ఎప్పట్లాగే."

పిల్లల ఏడుపు దూరమైంది. కర్టిస్ ఫోన్ పట్టుకుని వేరే గదిలోకి వెళ్లినట్టున్నాడు.

"ఆవిడ కాలెత్తిందా వాల్ట్?"

వాల్ట్ స్టీరింగ్ వంక చూశాడు.

"ఎత్తింది" అన్నాడు.

అవతల గది తలుపు మూసిన చప్పుడు వినపడింది.

"మంచి డ్రైవరేరా అయితే" అన్నాడు కర్టిస్. అతని గొంతు మారిపోయింది. తర్వాత, వీలు చూసుకుని టెన్నెసీ రమ్మన్నాడు. వాల్ట్ చూద్దాంలే అన్నాడు. ఇద్దరూ ఎప్పుడూ అనే మాటలే అవి.

చీకటి పడకముందే ఇంటికొచ్చి గ్యారేజీ తలుపెత్తాడు. నియాన్‌ని కుడివైపున, ఎప్పుడూ పెట్టేచోటే పెట్టి ఇంజిన్ ఆపాడు. సైలెన్సర్ లేని ఆ గొంతు ఆగిపోయేసరికి గ్యారేజీ మరీ పెద్దదైనట్టనిపించింది. తలుపు బెత్తెడు తెరిచాడు. పొట్ట లోపలికి పీల్చి, పక్కకి తిరిగి, పీతలా జారి బయటికొచ్చాడు. అప్పుడు చూశాడు, ఎడమవైపంతా ఖాళీ నేల.

అయినా తలుపు మెల్లగానే వేశాడు, పక్క కారుకి తగలకుండా.